తొలగిన మాస్కు, తడబడిన అడుగు: బ్యాలేలో భావప్రకటన వెనుక మూడు శతాబ్దాల వాదం

‘జిజెల్’ మొదటి అంకం చివర్లో ఒక పల్లెపిల్లకు, తాను మనసిచ్చినవాడు మారువేషంలో వచ్చిన దొరబిడ్డ అనీ, అతనికి వేరొక గొప్పింటి అమ్మాయితో అప్పటికే పెళ్లి కుదిరిందనీ తెలుస్తుంది. బ్యాలే కనుక ఆమె ఒక్క మాట కూడా పలకదు. అంతకుముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని పువ్వు రేకులు తుంచుతూ ప్రేమ ఉందా లేదా అని లెక్కపెట్టుకున్న సంగతిని తలచుకుని, చేతిలో లేని పువ్వుకు లేని రేకులను ఒక్కొక్కటిగా తుంచి పడేస్తుంది. కాసేపటి కింద కేరింతలతో వేసిన అడుగులనే మళ్లీ మొదలుపెడుతుంది. అవి సగంలో ఆగిపోతాయి, తాళానికి వెనకబడతాయి. అడాల్ఫ్ ఆడమ్ కూర్చిన సంగీతం కూడా ఆ పాత వరుసలనే తునకలు తునకలుగా వినిపిస్తుంది. చాలా ప్రదర్శనల్లో, ఆమె కుప్పకూలిన క్షణంలో జుట్టు పిన్నులను ప్రేక్షకుల కంట పడకుండా తీసేస్తారు. లేచేసరికి జుట్టు విరబోసుకుని ఉంటుంది.

ఈ ఘట్టంలో నర్తకి నటిస్తున్నదా, నాట్యం చేస్తున్నదా అన్న ప్రశ్న బ్యాలే లోకంలో నేటికీ తెగలేదు. భావం ముఖంలో కనబడాలని కొందరు, చేతి సంజ్ఞల్లో ఉండాలని కొందరు, అడుగులోనే ఉండాలని మరికొందరు వాదిస్తూ వచ్చారు. నా దృష్టిలో బ్యాలే కనిపెట్టిన అత్యంత శక్తిమంతమైన పద్ధతి మూడవదే: ప్రేక్షకుడి కళ్లకు అలవాటైన ఒక అందమైన అడుగును, కథ కోరిన క్షణంలో, తెలిసి తెలిసి చెడగొట్టడం. అయితే అక్కడికి చేరడానికి ఈ కళకు రెండు వందల ఏళ్లు పట్టింది, ఆ దారిలో అది పోగొట్టుకున్నవి కూడా ఉన్నాయి.

మొదట్లో ముఖం కనబడేదే కాదు. 14వ లూయీ 1661లో పారిస్‌లో రాచ నాట్య అకాడమీని స్థాపించిన నాటికి బ్యాలే రాజసభకు చెందిన కళ. పాదాల ఐదు స్థానాలను ఆ కాలంలోనే పియెర్ బోషాఁ క్రమబద్ధం చేశాడు. నర్తకులు తోలు మాస్కులు, బరువైన విగ్గులు, నడుముకు రెండు వైపులా పొడుచుకొచ్చే చట్రాల గౌన్లు ధరించేవారు. ఎవరు ఏ పాత్రో మాస్కు రంగే చెప్పేది. సముద్ర దేవతలకు ఆకుపచ్చా వెండీ, దయ్యాలకు నిప్పురంగు. కథ చెప్పే భారం గాయకులది, ఆ కథకు శోభ తేవడం నర్తకుల పని. కోపం, ఏడుపు వంటివి శరీరపు పొందికను చెదరగొడతాయి గనుక, పొందికే గౌరవానికి గుర్తయిన ఆ సభలో వాటికి తావు లేకపోయింది.

ఆ కట్టుబాటును మొదట సడలించింది లండన్. 1717లో డ్రూరీ లేన్ నాటకశాలలో జాన్ వీవర్ అనే నాట్యాచార్యుడు మార్స్, వీనస్‌ల ప్రేమకథను పాటా మాటా లేకుండా కేవలం నాట్యంతో, సంజ్ఞలతో ప్రదర్శించి, ఏ భావానికి ఏ సంజ్ఞ వాడారో వివరిస్తూ ఒక చిన్న పుస్తకం కూడా అచ్చు వేయించాడు. కోపం వస్తే ఎడమ చేతిని కుడి చేతితో ఠక్కున కొట్టాలి. అసూయ అయితే చేతులు వేలాడవేయాలి, లేదా నడిమివేలితో కంటిని చూపించాలి, ఆ దృశ్యమంతటా నడకలో ఎటూ తేల్చుకోలేనితనం ఉండాలి. ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగాలి. వేలితో కంటిని చూపడం ఒక గుర్తు మాత్రమే, అది తెలిసినవారికే తెలుస్తుంది; తేల్చుకోలేని నడక మాత్రం ఎవరికైనా తెలుస్తుంది. తరువాతి కాలమంతా నడిచిన వాదం ఆ ఒక్క వాక్యంలోనే విత్తనంగా ఉంది. ఆ లండన్‌లోనే 1734లో మరీ సల్లే అనే ఫ్రెంచి నర్తకి ‘పిగ్మాలియన్’లో చట్రాల గౌను విడిచి, జుట్టు వదిలేసి, గ్రీకు శిల్పంలా పల్చని మస్లిన్ వస్త్రం చుట్టుకుని రంగం మీదికి వచ్చింది.

ఈ మార్పులకు సిద్ధాంతరూపం ఇచ్చినవాడు జాఁ-జార్జ్ నొవేర్ అనే ఫ్రెంచి నాట్యకర్త. 1760లో వెలువడిన తన నాట్య లేఖల్లో అతడు మాస్కు మీద యుద్ధమే ప్రకటించాడు. మనసులో కలిగే ప్రతి కదలికా మొదట ముఖం మీదికే వస్తుందనీ, దాన్ని కప్పివేసి ఆడటం భావం నోరు నొక్కడమేననీ అతడి వాదన. లండన్ నటుడు డేవిడ్ గారిక్ నటన చూసి అతడు నేర్చుకున్నది చాలా ఉంది. 1763లో స్టుట్‌గార్ట్‌లో ప్రదర్శించిన ‘మెదియా, జేసన్’ బ్యాలేలో, భర్త చేసిన ద్రోహానికి పగబట్టి కన్నబిడ్డలనే చంపే తల్లి కథను అతడు ఎంచుకున్నాడు. సొగసైన అడుగులకు ఏమాత్రం లొంగని కథ అది. మరో పదేళ్లకు పారిస్ ఒపెరాలో కూడా మాస్కులు తొలగసాగాయి.

అయితే ఈ గెలుపుతోనే కొత్త చిక్కు మొదలయింది. నొవేర్ బ్యాలేలు అర్థం కావాలంటే ప్రేక్షకులు ముందుగా అచ్చు వేసిన కథాసారాంశం చదువుకోవాలి. వియన్నాలో గ్లుక్ సంగీతంతో ‘డాన్ జువాన్’ రూపొందించిన గాస్పరో ఆంజొలీనీ దీన్నే పట్టుకుని, కాగితం సాయం లేకుండా తనంత తానుగా తెలియని నాట్యం నాట్యమేనా అని నిలదీశాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినా ముఖాన్నీ సంజ్ఞనూ నమ్ముకున్న కథా బ్యాలే నిలదొక్కుకుంది, దాంతో బ్యాలే రెండు భాషల కళగా చీలిపోయింది. కథ నడవాల్సినప్పుడు మూకాభినయం, కథ ఆగినప్పుడు నాట్యం.

19వ శతాబ్దంలో ఆ మూకాభినయం ఒక పూర్తి పదకోశంగా ఎదిగింది. గుండె మీద రెండు అరచేతులు ఉంచితే ప్రేమ. ఉంగరపు వేలిని చూపిస్తే పెళ్లి. రెండు వేళ్లు పైకెత్తితే ప్రమాణం. ముఖం చుట్టూ చేతిని తిప్పితే అందం. తల మీద చేతులు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే నాట్యం. పిడికిళ్లు బిగించి మణికట్లను ఒకదానిపై ఒకటి అడ్డంగా కిందికి దించితే మరణం. ఇటలీ దీనికి పుట్టిల్లు. మిలాన్‌లో కార్లో బ్లాసిస్ నడిపిన పాఠశాలలో మూకాభినయం నాట్యంతో సమానమైన పాఠం. ఆ సంప్రదాయంలోనే తయారైన ఎన్రికో చెకెట్టీ, 1890లో ‘స్లీపింగ్ బ్యూటీ’ మొదటి ప్రదర్శనలో దుష్ట దేవకన్య కరబోస్‌గా మూకాభినయంతోనూ, అదే రాత్రి నీలిపక్షిగా నాట్యంతోనూ సభను మెప్పించాడు.

ఈ సంజ్ఞలను పాతచింతకాయ పచ్చడిగా కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. ‘స్వాన్ లేక్’ రెండవ దృశ్యంలో, మంత్రశాపంతో హంసగా మారిన ఒడెట్ అక్కడి సరస్సును చూపించి, అది తన తల్లి కన్నీటితో నిండిందని రాకుమారుడికి చెబుతుంది. సరస్సు వైపు సాచిన చేయి, తల్లిని తెలిపే సంజ్ఞ, కళ్ల నుంచి చెంపల మీదుగా కిందికి జారే వేళ్లు, అంతే. చైకోవ్‌స్కీ సంగీతం ఆ సంజ్ఞల కోసమే ఊపిరి బిగబట్టినట్లు నడుస్తుంది. సోవియట్ నాట్యశాలల్లో ఈ ఘట్టాన్ని తీసేసి దాని స్థానంలో నాట్యం పెట్టారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి నికొలాయ్ సెర్గేయెవ్ వెంట తెచ్చిన నాట్యలిపి ప్రతుల ఆధారంగా, 1930లలో లండన్‌లో నినెట్ డి వాల్వా బృందం మాత్రం దాన్ని నిలబెట్టుకుంది. అది తెలియకపోతే ఒడెట్ ఎందుకు భయపడుతున్నదో ప్రేక్షకుడికి పూర్తిగా అందదు.

సంజ్ఞకు ఉన్న అసలు లోటు వేరు. ఏం జరిగిందో అది చెప్పగలదు, ఆ జరిగినది మనిషిని ఏం చేసిందో చెప్పలేదు. 1841లో పారిస్‌లో కార్లొట్టా గ్రీసీ ప్రధాన పాత్రలో మొదలైన ‘జిజెల్’ ఆ గీతను దాటింది, ఎందుకంటే అక్కడ పిచ్చి పట్టేది నాట్యానికే. 1843లో లండన్‌లో ఆ పాత్ర ధరించిన ఫానీ ఎల్స్‌లర్ ఉన్మాద ఘట్టాన్ని ఇంకా తీవ్రం చేసింది. తరువాతివారు ఆ బాటనే నడిచారు. ఈ పాత్రకు పేరుపడ్డ రష్యన్ నర్తకి ఓల్గా స్పెసీవ్‌త్సెవా తానే మానసిక వ్యాధికి గురై, 1943 నుంచి ఇరవై ఏళ్లు అమెరికాలో ఆసుపత్రిలో గడిపింది. పాత్ర వల్లే ఆమెకు అలా జరిగిందని కథలు అల్లుతారు. ఒక మనిషి అనుభవించిన బాధను నాటకీయమైన ముగింపుగా వాడుకోవడం తప్పని నా అభిప్రాయం.

మూకాభినయం, నాట్యం అనే ఆ రెండు భాషలను ఒకటి చేయాలని పట్టుబట్టినవాడు రష్యన్ కొరియోగ్రాఫర్ మిఖాయిల్ ఫోకీన్. 1914 జులైలో లండన్ టైమ్స్ పత్రికకు రాసిన లేఖలో అతడు, సంప్రదాయ హస్త సంజ్ఞలను శైలి కోరినప్పుడే వాడాలనీ, మిగతా అన్ని చోట్లా మొత్తం శరీరమే పలకాలనీ సూత్రీకరించాడు. ఆ సూత్రం కంటే అతడు చేసి చూపించిందే గట్టిది. నర్తకి అన్నా పావ్లొవా కోసం కూర్చిన ‘డయ్యింగ్ స్వాన్’లో దాదాపు అడుగులే లేవు, కాలివేళ్ల కొనల మీద ఆగకుండా సాగే చిన్న చిన్న పాదాల కదలిక, దానిపైన అలసిపోతున్న చేతులు, వంగిపోతున్న వీపు, అంతే. 1911లో నిజిన్‌స్కీ ఆడిన, ప్రాణం పోసుకున్న సంత బొమ్మల కథ ‘పెట్రుష్కా’లో ఇంకా సూక్ష్మమైన పని ఉంది. బ్యాలేలో పాదాలూ తొడలూ బయటికి తిరిగి ఉండటం మొదటి నియమం. తన్ను తాను మెచ్చుకునే మూర్ బొమ్మను ఫోకీన్ అలాగే బయటికి విప్పి నిలబెట్టాడు. బెదిరిపోయి, ప్రేమ దక్కక కుమిలిపోయే పెట్రుష్కా పాదాలనూ మోకాళ్లనూ లోపలికి తిప్పేశాడు. ముఖం నిండా రంగు పూసిన ఆ బొమ్మ దుఃఖాన్ని ప్రేక్షకులు మోకాళ్లలో చూశారు. మాస్కు తీస్తే తప్ప భావం పలకదన్న నొవేర్ మాటకు దీనికంటే మంచి జవాబు మరొకటి రాలేదనుకుంటాను.

ఆ తరువాత ముఖాన్ని కావాలనే మూసివేసిన కొరియోగ్రాఫర్లూ వచ్చారు. 1923లో బ్రొనిస్లావా నిజిన్‌స్కా ‘లే నోస్’లో పెళ్లికూతురి బెంగను నిర్వికారమైన ముఖాలతో, ఒకదానిపై ఒకటిగా పేర్చిన తలలతో చూపించింది. న్యూయార్క్‌లో జార్జ్ బాలన్‌చిన్ నటించవద్దని, సంగీతాన్ని విని అడుగు వేస్తే చాలని తన నర్తకులకు నేర్పాడు.

ఆంటొనీ ట్యూడర్ దారి ఇంకొకటి. భావాన్ని దాచిపెట్టాల్సి వచ్చిన మనుషులే అతడి పాత్రలు. 1936 నాటి ‘లైలాక్ గార్డెన్’లో కరొలైన్ అనే అమ్మాయి ఇష్టం లేని పెళ్లికి ముందు విందులో, తాను ప్రేమించినవాడికి వీడ్కోలు చెప్పడానికి ఒక్క నిమిషం ఏకాంతం వెతుక్కుంటుంది, అది దొరకదు. షోసోన్ వాయులీన సంగీతం ఉప్పొంగి శిఖరానికి చేరినప్పుడు, ఏ కొరియోగ్రాఫర్ అయినా ఎత్తైన గెంతు పెట్టే చోట, ట్యూడర్ రంగస్థలం మీద ఉన్నవారిని నిశ్చలంగా నిలిపేశాడు. 1942లో ‘పిల్లర్ ఆఫ్ ఫైర్’ తెర లేవగానే హేగర్ పాత్రలో నోరా కే మెట్ల మీద కూర్చుని ఉంటుంది. ఒక చేతిని మెల్లగా ఎత్తి, చెదరని జుట్టును సర్దుకుంటుంది. ఆ ఇంట్లో ఆమె ఎంత బిగుసుకుపోయి బతుకుతున్నదో ఆ ఒక్క చేతితో తెలిసిపోతుంది.

ప్రొకోఫియెవ్ సంగీతం కూర్చిన ‘రోమియో, జూలియట్’ ఈ దారులన్నీ కలిసిన కూడలి. 1940లో లెనిన్‌గ్రాడ్‌లో లవ్‌రోవ్‌స్కీ కూర్పులో జూలియట్‌గా నిలిచిన గలీనా ఉలానొవా, 1956లో బోల్షోయ్ బృందంతో లండన్ వచ్చేనాటికి ఆమె వయసు 46. అక్కడివారు మరువలేకపోయింది ఆమె పరుగును: వెనుక అంగీ ఎగురుతుండగా రంగస్థలం ఈ చివర నుంచి ఆ చివరకు తీసిన పరుగు. అందులో బ్యాలే అడుగు ఒక్కటీ లేదు. 1965లో కెనెత్ మెక్‌మిలన్ తన కూర్పులో ఇంకా సాహసించాడు. ఇష్టం లేని పెళ్లిని తప్పించుకునే దారి వెతికే జూలియట్, సంగీతం హోరెత్తుతుండగా, మంచం అంచున కదలకుండా కూర్చుని ఎదుటికి చూస్తూ ఉండిపోతుంది. సమాధి దృశ్యంలో రోమియో, తొలి రాత్రి ఆమెను గాలిలోకి ఎత్తుతూ ఆడిన నాట్యాన్నే శవంతో మళ్లీ ఆడజూస్తాడు. అప్పుడు గాలిలో తేలిన దేహం ఇప్పుడు బరువుగా వేలాడుతుంది, తల వెనక్కి వాలిపోతుంది, పాదాలు నేల మీద ఈడ్చుకుపోతాయి. నిజానికి ఆ నర్తకి తన కండరాలను పూర్తిగా వదిలేస్తే ఎత్తేవాడికి గాయమవుతుంది. అందుకని లోపల పట్టు ఉంచుకుని బయటికి మాత్రం పట్టు లేనట్లు కనబడాలి. ఆ చావును నమ్మించడానికి కావలసిన కసరత్తు ఒంటికాలి మీద ఆగకుండా తిరిగే ముప్పై రెండు ఫుయెతె చుట్లకంటే తక్కువదేమీ కాదు.

రిహార్సల్ గదిలో ఈ చరిత్ర అంతా చిన్న చిన్న సవరణలుగా మారిపోతుంది. తల కంటే ముందు చూపు తిరగాలి. చేయి కదలకముందే ఊపిరి కదలాలి. వార్త విన్న తరువాత రెండు తాళపు లెక్కల పాటు ఏమీ చేయకుండా ఉండాలి, ఎందుకంటే దుఃఖం వెంటనే రాదు. వెనుదిరిగి నిలబడినప్పుడు భుజాల మధ్య వీపు ఏడవాలి, చివరి వరుస ప్రేక్షకుడికి కనబడేది అదే.

ఇప్పుడు ఆ చివరి వరుస పక్కనే కెమెరా కూడా చేరింది. పెద్ద నాట్యశాలల ప్రదర్శనలు సినిమా హాళ్లకు ప్రత్యక్షంగా వెళుతున్నందున, రెండు వేల మంది కోసం విప్పార్చిన కళ్లు తెర మీద అతిగా అనిపిస్తున్నాయి. తెర కోసం తగ్గిస్తే పైఅంతస్తుకు ఏమీ అందదు. మరోవైపు పాత నాట్యలిపి ప్రతుల నుంచి మూకాభినయాన్ని తిరిగి తెచ్చే ప్రయత్నాలు బలపడ్డాయి. 2016లో జూరిక్‌లో అలెక్సేయ్ రత్మాన్‌స్కీ పునర్నిర్మించిన ‘స్వాన్ లేక్’లో ఒడెట్ మళ్లీ సరస్సు వైపు చేయి సాచి, తల్లి కన్నీటి కథను రాకుమారుడికి చెప్పింది.