నడుంనొప్పికి రెండు గీతలు

పర్లాకిమిడి సంతలో వంకాయలమ్మే మామ్మని కుంచెతో, నల్ల సిరాతో గీశాను. ముఖం లేదు. తలకి ఒక మచ్చ, వెన్నుకి ఒక గీత, చంకన గంప, కాళ్లకి మరో గీత. పక్క దుకాణం ఆమె తొంగి చూసి, "దీని నడుంనొప్పి కూడా గీసీసినావేటి బాబూ!" అంది.

నొప్పి నేను గీయలేదు, బరువు గీసింది. మనిషి బరువు, గంప బరువు కలిపిన గరిమనాభి (బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కేసే బిందువు) పాదాల పరిధి దాటిందా, పడిపోవడమే. అందుకే గంప ఎడమ చంకన ఉంటే నడుం దాని కిందికి తోసుకొస్తుంది, మొండెం కుడికి వాలుతుంది. వెన్ను గీత, కాలి గీత నడుం దగ్గర విరుగుతాయి. ఆ విరుపు సరిగ్గా పడితే ముక్కూ కళ్లూ అక్కర్లేదు. ఇక్కడికి దగ్గర్లోనే, గుణుపూర్ వైపు కొండల్లో, సవర గిరిజనుల ఇళ్ల ఎర్రమట్టి గోడల మీద తెల్లటి మనుషులుంటారు. పుల్లల్లాంటి ఒళ్లు. అయినా ఎవరు చెట్టెక్కుతున్నారో, ఎవరు ఆడుతున్నారో ఇట్టే తెలుస్తుంది. (అవి పూజ కోసం వేసే బొమ్మలు, గోడకి సింగారం కాదు.)

1973లో అచ్చయిన ఒక ప్రయోగంలో స్వీడన్ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ మనుషుల కీళ్లకి 10, 12 దీపాలు పెట్టి, ఆ చుక్కలు మాత్రమే కనబడేలా ఫిల్మ్ తీశాడు. నిలబడితే చుక్కల గుంపు. నాలుగడుగులు వేస్తే చాలు, మనిషి!

మరి కాగితం మీద కదలిక ఎక్కణ్ణుంచి వస్తుంది? నన్నడిగితే, గీత వేగంలోంచి. సిరా అంటే మసి, బంక, నీళ్లు. కుంచె రయ్యిన లాగితే సిరా కాగితం మిట్టలకే అంటుకుని, పల్లాలు తెల్లగా మిగులుతాయి. ఆగితే పీచు మధ్య సందులు దాన్ని పీల్చేస్తాయి. ఈ పీల్చుడు మొదట్లో జోరుగా ఉండి తర్వాత మందగిస్తుంది: కాగితం పట్టీ కొస సిరాలో ముంచితే, రెట్టింపు దూరం పాకడానికి ఇంచుమించు 4 రెట్ల సమయం పడుతుంది. అంటే మొదటి క్షణంలోనే కొంప మునుగుతుంది. ఆ రోజు నా దగ్గరున్నది బంక పట్టించని, సిరాని ఇట్టే పీల్చేసే పొట్లాల కాగితం. మడమ దగ్గర ఒక్క లిప్త ఆలోచించాను, మామ్మకి బోదకాలు వచ్చేసింది.

ఆవిడ కాలి సంగతి పట్టించుకోలేదు. గంప ఇంకాస్త నిండుగా గీయమంది. గంప నింపాలంటే ఆవిణ్ణి ఇంకాస్త వంచాలి.