ఓడిపోయిన ఇంటికి పెద్దదిక్కు

పిల్లలూ,

మొన్న టీవీలో అసెంబ్లీ సమావేశాలు చూస్తున్నప్పుడు మీలో చిన్నది నన్ను ఒక ప్రశ్న అడిగింది. "అమ్మమ్మా, ఎన్నికల్లో ఓడిపోయినవాళ్లు కూడా అక్కడెందుకు కూర్చుంటారు?" అని. అందరూ నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. అది చాలా మంచి ప్రశ్న. రెండు మాటల్లో చెప్పి వదిలేసేది కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మన నాయకుల కథ ఏదైనా ఎత్తుకుంటే మీ ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో పార్టీ, అసలు సంగతి పక్కకు పోయి వాదన మొదలవుతుంది. అందుకని మిమ్మల్ని గ్రీసు దేశం తీసుకెళ్తాను. నేను చెప్పబోయే ఆవిడ పేరు ఫోఫీ యెన్నిమటా. వాళ్ల నాన్న ఇంటిపేరు యెన్నిమటాస్. గ్రీకుల్లో ఆడవాళ్లకు వచ్చేసరికి ఇంటిపేరు చివర అలా మారుతుంది.

ఆవిడ పుట్టింది 1964 నవంబరు 17న, ఏథెన్స్‌లో. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. 1967లో కొందరు సైనికాధికారులు గ్రీసులో అధికారం లాక్కున్నారు. ఎన్నికలు లేవు, ఎదురు మాట్లాడితే జైలే. 1973 నవంబరులో ఏథెన్స్ పాలిటెక్నిక్ విద్యార్థులు తిరగబడి కాలేజీలోనే ఉండిపోయారు. 17వ తేదీ తెల్లవారకముందే సైన్యం ట్యాంకును గేటు మీదికి నడిపించి లోపలికి చొరబడింది. ఫోఫీకి తొమ్మిదేళ్లు నిండింది ఆ రోజే. ప్రతి ఏటా ఆమె పుట్టినరోజున దేశమంతా ఆ విద్యార్థులను తలచుకుంటుంది.

మరుసటి ఏడాది, 1974లో, సైనిక పాలన కూలిపోయింది. ఆ సెప్టెంబరు 3న ఆండ్రియాస్ పపాండ్రేయు ఒక సోషలిస్టు పార్టీ పెట్టాడు. దాన్ని పాసోక్ అంటారు. ఫోఫీ వాళ్ల నాన్న యోర్గోస్ మొదటి నుంచీ అందులో మనిషి. ఏడేళ్లకే, 1981లో, 48 శాతం ఓట్లతో పాసోక్ గెలిచింది. 1983లో అందరికీ ప్రభుత్వ వైద్యం అందాలని జాతీయ ఆరోగ్య వ్యవస్థ కోసం చట్టం చేసింది. దాన్ని ఊళ్ల దాకా తీసుకెళ్లి నిలబెట్టిన ఆరోగ్య మంత్రిగా యోర్గోస్‌ను ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏథెన్స్‌లో ఒక పెద్దాసుపత్రికి ఆయన పేరే ఉంది. 1994లో క్యాన్సర్‌తో పోయాడు.

నాన్న పేరు కూతురికి కలిసొచ్చిందా అంటే తప్పకుండా కలిసొచ్చింది. అది దాచాల్సిన పని లేదు. 2000లో ఎంపీ అయింది. తర్వాత ఏథెన్స్, పిరియస్ ప్రాంతాల స్థానిక ప్రభుత్వానికి అధిపతిగా ఎన్నికైంది. విద్యాశాఖలోనూ, రక్షణశాఖలోనూ సహాయ మంత్రిగా పనిచేసింది. అంతవరకే అయితే మీకు ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

అసలు కథ ఆ పార్టీ కూలిపోవడంతో మొదలవుతుంది. 2009 అక్టోబరులో పాసోక్ దాదాపు 44 శాతం ఓట్లతో, 300 సీట్లున్న పార్లమెంటులో 160 సీట్లతో గెలిచింది. కుర్చీలో కూర్చుని లెక్కలు తీస్తే, పైకి చెప్పినదానికంటే ఖజానా లోటు ఎంతో ఎక్కువని బయటపడింది. గ్రీసుకు అప్పిచ్చేవాడు లేకుండా పోయాడు. 2010 మే నెలలో ఐరోపా దేశాలు, ఐఎంఎఫ్ అనే అంతర్జాతీయ ద్రవ్యనిధి కలిసి 11,000 కోట్ల యూరోల అప్పు ఇస్తామన్నాయి. ఊరికే ఇవ్వలేదు, షరతులు పెట్టాయి. జీతాలు కోశారు, పెన్షన్లు కోశారు, పన్నులు పెంచారు, ప్రభుత్వోద్యోగుల పండగ బోనసులు తీసేశారు. 2013 నాటికి పనికోసం వెతుక్కునే ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ఖాళీగా ఉన్నారు. చదువుకున్న పిల్లలు సూట్‌కేసులు సర్దుకుని జర్మనీకో, ఇంగ్లండుకో వెళ్లిపోయారు.

జనం ఆ కోపమంతా పాసోక్ మీద చూపించారు. ఆ కోపంలో న్యాయం ఉంది. 44 శాతం ఉన్న పార్టీ 2012 మే నాటికి 13కు, 2015 జనవరికి 4.7కు పడిపోయింది. గ్రీసులో 3 శాతం రాకపోతే పార్లమెంటులో అడుగే పెట్టలేరు. లోపలికి వచ్చిన ఏడు పార్టీల్లో పాసోక్‌ది చివరి స్థానం, 13 సీట్లు. నాయకులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పార్టీ పెట్టినాయన కొడుకు జార్జ్ పపాండ్రేయు, ప్రధానిగా చేసినవాడు, ఆయన కూడా వేరే పార్టీ పెట్టుకున్నాడు.

2015 జూన్ 14న ఫోఫీ ఆ పార్టీకి అధ్యక్షురాలైంది. ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ. వయసు 50. ముగ్గురు బిడ్డల తల్లి. 2008లోనే రొమ్ము క్యాన్సర్ వచ్చి, దానితో పోరాడుతూ ఉంది.

రెండు వారాలు తిరగకుండానే పిడుగు పడింది. అప్పుడు ప్రధాని సిరిజా పార్టీ నాయకుడు అలెక్సిస్ సిప్రాస్. అప్పిచ్చినవాళ్ల షరతులకు ఒప్పుకోవాలా వద్దా అని ప్రజల ఓటు పెట్టాడు. జూన్ 29న బ్యాంకులు మూసేశారు. ఏటీఎంలో రోజుకు 60 యూరోలే. పెన్షన్ డబ్బుల కోసం ముసలివాళ్లు బ్యాంకు గుమ్మాల దగ్గర పడిగాపులు పడ్డారు. మరుసటి ఏడాది నోట్ల రద్దప్పుడు ఏటీఎం ముందు నిలబడ్డ రోజున నాకు వాళ్ల మొహాలే గుర్తొచ్చాయి. రెండింటికీ కారణాలు వేరే అనుకోండి.

పాసోక్ 'అవును' అనమని ప్రచారం చేసింది. జూలై 5న 61 శాతం మంది 'వద్దు' అన్నారు. ఫోఫీ మళ్లీ ఓడిపోయింది. మర్నాడు రాష్ట్రపతి పార్టీల నాయకులను పిలిచి గంటల తరబడి కూర్చోబెట్టాడు. ఆమె వెళ్లి కూర్చుంది. వారం తిరిగేసరికి సిప్రాస్ తానే మెత్తబడి ఐరోపాతో ఒప్పందానికి వచ్చాడు. ఆగస్టు 14న ఆ ఒప్పందం పార్లమెంటుకు వచ్చినప్పుడు, సొంత పార్టీలోనే 40 మందికి పైగా ఎంపీలు ఆయనకు మద్దతివ్వలేదు. అది గట్టెక్కింది ప్రతిపక్షాల ఓట్లతోనే. పాసోక్ కూడా అనుకూలంగా ఓటేసింది.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. పాసోక్‌ను ద్రోహులని తిట్టి గెలిచిన పార్టీ సిరిజా. ఆ ప్రభుత్వాన్ని ఆ రోజు పడనిస్తే ఎంత కసి తీరేదో! కానీ బ్యాంకుల దగ్గర వరుసల్లో నిలబడ్డ ముసలివాళ్ల గతి ఏమయ్యేది? నన్నడిగితే ఆమె రాజకీయ జీవితంలో అన్నిటికంటే పెద్ద పని అదే. చిన్నదాని ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు కూడా అందులోనే ఉంది.

తర్వాతి ఏళ్లలో చప్పట్లు తక్కువ, చాకిరీ ఎక్కువ. 2015 సెప్టెంబరులో మరో చిన్న పార్టీతో కలిసి 6.3 శాతం, 17 సీట్లు. 2017లో చెల్లాచెదురైన మధ్యేవాద వామపక్షాలన్నిటికీ ఒకే నాయకత్వం ఉండాలని మామూలు జనాన్నే ఓటెయ్యమన్నారు. రెండు లక్షల మందికి పైగా వచ్చారు. పార్టీ చచ్చిందన్న చోట అంతమంది వరుస కట్టడం మాటలు కాదు. రెండో రౌండులో ఆమె నికోస్ ఆండ్రులాకిస్ అనే కుర్ర నాయకుడి మీద గెలిచింది. 2018లో పాసోక్‌తో పాటు అందరూ కలిసి 'మార్పు ఉద్యమం' అనే కూటమి అయ్యారు. 2019లో 8.1 శాతం, 22 సీట్లు, మూడో స్థానం. దీన్ని విజయం అని నేను మీకు అబద్ధం చెప్పను. పాత వైభవంలో అది ఐదో వంతు కూడా కాదు. కోతలు పెట్టిన ప్రభుత్వాల్లో ఆమె మంత్రిగా ఉందన్న సంగతి చాలామంది మరిచిపోలేదు.

2021 డిసెంబరులో మళ్లీ పార్టీ అధ్యక్ష ఎన్నిక ఉంది. పోటీ చేస్తానంది. అక్టోబరులో జబ్బు తిరగబెట్టి ఆసుపత్రిలో చేరింది, పోటీ నుంచి తప్పుకుంది. 25వ తేదీన ఏథెన్స్‌లో ఎవాంగెలిస్మోస్ ఆసుపత్రిలో కన్నుమూసింది. ఇంకో మూడు వారాలుంటే 57 నిండేవి.

డిసెంబరు ఎన్నికలో ఆండ్రులాకిస్ గెలిచాడు. 2017లో ఆమె చేతిలో ఓడిన మనిషే. ఓడాక అలిగి వెళ్లిపోకుండా అక్కడే ఉన్నాడు. క్రీట్ ద్వీపంలో పుట్టిన సివిల్ ఇంజనీరు. 2022 ఆగస్టులో ప్రభుత్వ గూఢచారి విభాగం ఆయన ఫోన్ విన్నదని బయటపడి, ఆ విభాగం అధిపతి, ప్రధాని కార్యాలయంలో ముఖ్యుడు ఇద్దరూ రాజీనామా చేశారు. చట్ట ప్రకారమే జరిగినా జరగకూడని తప్పని ప్రధాని మిట్సొటాకిసే ఒప్పుకున్నాడు. చూశారా, అధికారంలో లేని పార్టీ మనిషి ఫోన్ కూడా విన్నారన్నమాట. ఆ సంగతి ఒక్కటే రాయాలంటే ఇంకో ఉత్తరం పడుతుంది.

2024 నవంబరులో సిరిజా ఎంపీలు కొందరు విడిపోవడంతో పాసోక్ గ్రీసు పార్లమెంటులో ప్రధాన ప్రతిపక్షమైంది. ఫోఫీ పోయి అప్పటికి మూడేళ్లు దాటింది.

చిన్నదానికి చెప్పండి, అసెంబ్లీ మళ్లీ మొదలైనప్పుడు నాకు ఫోన్ చెయ్యమని. ఇద్దరం కలిసి చూద్దాం. ఓడినవాళ్లు మాట్లాడేటప్పుడు మాత్రం ఛానెల్ మార్చొద్దనండి.

ప్రేమతో,
మీ అమ్మమ్మ