భుజం కుట్టు చూసి తోలు జాకెట్టు కొనండి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి అందరూ ఇంటికి వచ్చినప్పుడు మన పెద్దోడు కొత్త తోలు జాకెట్టు వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అందరూ బాగుందన్నారు. నా కళ్ళు మాత్రం వాడి భుజాల మీదే ఉండిపోయాయి. భుజం కుట్టు ఎముక దాటి రెండు వేళ్ళ మందాన కిందికి జారింది. చేతులు వేళ్ళ కణుపుల దాకా వచ్చాయి. "లోపల స్వెటర్ పడుతుందని ఒక సైజు పెద్దది తీసుకున్నా తాతయ్యా" అన్నాడు. పండగ పూట ఏమీ అనలేకపోయాను. మొన్న చిట్టితల్లి ఫోన్ చేసి, తనూ పాతకాలం స్టైల్లో ఒకటి కొనుక్కుంటానంది. అందుకే ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. మిగతా పిల్లలూ చదవండి.

నా పని మీకు తెలిసిందే. చెన్నైలో తోలు దుస్తులు కుట్టి విదేశాలకు పంపే కంపెనీలో 30 ఏళ్ళకు పైగా కటింగ్ మాస్టర్‌గా చేశాను. గుడ్డయితే పొరల మీద పొరలు పరిచి ఒక్కసారే కోసేస్తారు. తోలుకు అది కుదరదు. ఏ రెండు తోళ్ళూ ఒకలా ఉండవు. ఒకదాని మీద ముళ్ళకంప గీసిన గీత ఉంటుంది, ఇంకోదాని మీద పిడుదు కుట్టిన మచ్చ ఉంటుంది. వెన్ను వెంబడి తోలు గట్టిగా ఉంటుంది, పొట్ట వైపు సాగుతుంది. అందుకే ముందు భాగాలు, వీపు వెన్ను వైపు నుంచి కోసి, పొట్ట వైపుది బయటికి కనపడని చోట వాడతాం. గొర్రె తోలు ఒక్కోటి 5, 6 చదరపు అడుగులు వస్తుంది. ఒక జాకెట్టుకు 30 నుంచి 40 చదరపు అడుగులు పడుతుంది. అంటే ఆరేడు గొర్రెల తోళ్ళు. రంగు, మందం కలిసేవి ఏరి పెట్టుకోవడానికే సగం పొద్దు గడిచేది.

గుడ్డకు వేసిన కుట్టు విప్పితే, ఒక ఉతుకు పడేసరికి ఆ జాడ పోతుంది. తోలుకు పడ్డ సూది రంధ్రం పూడదు. పనిలో చేరిన కొత్తలో ఒక జాకెట్టు భుజం బిగుతుగా ఉందని కుట్టు విప్పి, అరంగుళం వదిలి మళ్ళీ కుట్టాను. పాత రంధ్రాల వరస చీమల బారులా పైకి తేలింది. మైనం రుద్దాను, రంగు వేశాను, పోలేదు. ఆ జాకెట్టు ఇంకెవరికీ పనికిరాకుండా పోయింది. అప్పటి నుంచి ఎవరడిగినా ముందు ఇదే చెప్తాను: భుజం సరిగ్గా ఉన్నదే కొనండి. చేతుల పొడవు తగ్గించుకోవచ్చు, లైనింగు మార్చుకోవచ్చు, జిప్పు మార్చుకోవచ్చు. భుజం సరిచేయాలంటే చేతులు, కాలరు అన్నీ విప్పాలి. దానికంటే కొత్తది కుట్టడం తేలిక.

మన ఇళ్ళల్లో పిల్లలకు ఒక సైజు పెద్దవి కొనడం అలవాటు. పావడాకు టక్కులు వేసి, ఎదిగిన కొద్దీ విప్పేవాళ్ళు. అది మంచి అలవాటే, గుడ్డకు. తోలు జాకెట్టుకు ఆ లెక్క పనికిరాదు. ఇంకా పొడవు పెరుగుతున్నవాళ్ళు ఇప్పుడే ఖరీదైనది కొనకండి. ఆగండి. ఎదగడం ఆగాక కొన్న జాకెట్టును జాగ్రత్తగా వాడుకుంటే మీ పిల్లలూ వేసుకోగలరు.

ఇక స్టైల్ సంగతి. మీరు ఫోన్లో చూసే "వింటేజ్" జాకెట్లన్నీ దాదాపుగా నాలుగు పాత జాకెట్ల సంతానమే. ఆ నాలుగింటినీ ఒక పని కోసం పుట్టించారు. ఆ పని తెలిస్తే మీకు ఏది నప్పుతుందో మీరే చెప్పగలరు.

పెద్దోడు కొన్నది ఏ-2 తరహాది. అమెరికా సైన్యపు విమాన దళం 1931లో పైలట్ల కోసం దాన్ని ఖాయం చేసింది. పైలట్ ఇరుకు సీట్లో గంటల తరబడి కూర్చోవాలి. అందుకే అది నడుం దగ్గరే ఆగిపోతుంది. పొడవు ఉంటే కూర్చున్నప్పుడు ముందు భాగం గడ్డం దాకా ఎగదన్నుకొస్తుంది. గాలి దూరకుండా నడుముకీ మణికట్లకీ ఉన్ని అల్లిక పట్టీ, జిప్పు మీద ఇంకో తోలు పట్టీ ఉంటాయి. కాలరు చివర్లు ఎగరకుండా టిచ్ బటన్లు ఉంటాయి. ఎక్కువగా గుర్రపు తోలుతో కుట్టేవారు. వీపు మొత్తం ఒకే ముక్క. అంత పెద్ద మచ్చలేని ముక్క కావాలంటే పెద్ద జంతువు తోలే కావాలి. అసలుదానికి జేబులు పైనుంచే తెరుచుకునేవి, పక్కనుంచి చేతులు దూర్చే దారి లేదు. ఇప్పటివాటికి చాలామంది ఆ దారి పెడుతున్నారు. చలికి చేతులు పెట్టుకోవాలనుకుంటే కొనేముందు అది చూసుకోండి. 1943లో సైన్యం ఆ తోలు జాకెట్టును ఆపేసి గుడ్డ జాకెట్ల వైపు మళ్ళింది.

అమెరికా నౌకాదళం పైలట్లది జీ-1. మేక తోలు, బొచ్చు కాలరు. వీపు మీద భుజాల వెనక రెండు మడతలు ఉంటాయి, చేతులు ముందుకు చాపితే విచ్చుకుంటాయి. విశాలమైన వీపు ఉన్నవాళ్ళకు ఏ-2 కంటే ఇదే సుఖం. ఆ మడతల విలువ వేసుకుని చూస్తేనే తెలుస్తుంది.

చిట్టితల్లీ, నువ్వు ఫొటో పంపిన ఏటవాలు జిప్పుది మోటారు సైకిల్ జాకెట్టు. న్యూయార్క్‌లో ఇర్వింగ్ షాట్ అనే ఆయన 1928లో దాన్ని తయారుచేసి, తనకిష్టమైన చుట్ట పేరు మీద పర్ఫెక్టో అన్నాడు. అప్పటి ధర ఐదున్నర డాలర్లు. జిప్పు అలా ఏటవాలుగా ఎందుకుందో ఆలోచించావా? బండి మీద ముందుకు వంగినప్పుడు నిలువు జిప్పు ముడుచుకుని పొట్టలో గుచ్చుకుంటుంది. ఏటవాలు జిప్పు పక్కకు తప్పుకుంటుంది. పైగా మూసినప్పుడు ఛాతీ మీద రెండు పొరలు వచ్చి ఎదురుగాలిని ఆపుతాయి. అంటే దాన్ని మూసుకోవడానికే కుట్టారు. షాపులో తెరిచి అద్దంలో చూసుకుని మురిసిపోకు, పైదాకా జిప్పు వేసి చూడు. మూసుకోలేకపోతే అది నీ సైజు కాదు. నడుం దగ్గర చిక్కి ఉంటుంది కాబట్టి పొడవాటి కుర్తీ మీద కూడా అందంగా ఉంటుంది.

నాలుగోది కెఫే రేసర్. 1960లలో బ్రిటన్ కుర్రాళ్ళు వేగంగా బండ్లు తోలుతూ వేసుకున్నది. కాలరు ఒక చిన్న పట్టీ, నిలువు జిప్పు, అంతే. కాస్త పొట్ట ఉన్నవాళ్ళకు నేనైతే ఇదే చెప్తాను. ఏ-2 కింది పట్టీ పొట్ట మీద బుడగలా ఉబ్బుతుంది. పర్ఫెక్టో బెల్టు పొట్టను రెండు భాగాలు చేస్తుంది. దీనికి రెండూ లేవు.

ఇప్పుడు అద్దం ముందుకు రండి. భుజం చివర ఎముక వేలితో తడిమి చూడండి, కుట్టు దాని మీదే ఉండాలి. తర్వాత చంక. ఇది చాలామందికి తెలియదు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం. పాత జాకెట్లకు చంక పైకి, శరీరానికి దగ్గరగా కోసేవారు. మొదట బిగుతుగా అనిపిస్తుంది. కానీ ఆర్టీసీ బస్సులో పైన కమ్మీ పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తి చూడండి. చంక పైకి ఉంటే చెయ్యి ఒక్కటే లేస్తుంది. చంక కిందికి ఉంటే జాకెట్టు మొత్తం చెయ్యితో పాటే పైకి లేచి నడుం బయటపడుతుంది. చవక రకాల్లో ఎవరికైనా పట్టాలని చంక కిందికి కోసేస్తారు. తర్వాత ఎవరినో కౌగిలించుకున్నట్టు చేతులు ముందుకు చాపండి. వీపు కాస్త పట్టాలి, ఊపిరి ఆడాలి. చివరగా కుర్చీలో కూర్చోండి.

ఛాతీకి లెక్క చెప్తాను. చొక్కా మీద ఛాతీ చుట్టుకొలత తీసుకోండి. జాకెట్టును జిప్పు వేసి బల్ల మీద పరిచి, ఈ చంక నుంచి ఆ చంకకు కొలిచి, రెట్టింపు చేయండి. రెండింటి మధ్య 3, 4 అంగుళాల తేడా చాలు. స్వెటర్ వేసుకునేవాళ్ళు 5 అంగుళాల వరకు వెళ్ళొచ్చు. ఛాతీ 38 అయితే జాకెట్టు 42 అన్నమాట. ఆన్‌లైన్లో కొంటే ఎస్, ఎమ్ అనే అక్షరాలు నమ్మకండి, జాకెట్టు కొలతలు అడగండి. ఇంకో సంగతి: తోలు వాడుకలో మోచేతుల దగ్గర, వీపు దగ్గర కొద్దిగా సాగి మీ ఒంటికి అమరుతుంది, పొడవు మాత్రం పెరగదు. మోచేతి మడతలు పడ్డాక చేతులు దాదాపు అరంగుళం పైకి లాక్కుంటాయి. అందుకే కొత్తలో మణికట్టు ఎముక దాటి అరంగుళం ఉంటే తప్పు కాదు. వేళ్ళ కణుపుల దాకా ఉంటే తప్పే.

తోలు రకం మీద పెద్దగా చెప్పను. గొర్రెపిల్ల తోలు మెత్తన, తేలిక, మన వాతావరణానికి అదే నయం. మేక తోలు పలచగా ఉన్నా గట్టిది, నాకు ఇష్టమైనది. ఆవు, గుర్రం బరువు. రెక్సిన్‌ను తోలని అమ్మితే కుట్టు లోపలి అంచు చూడండి. తోలుకు వెనక నారలాంటి నూగు ఉంటుంది, రెక్సిన్‌కు గుడ్డ ఉంటుంది. మన తేమకు రెక్సిన్ రెండు మూడేళ్ళలో పొలుసులుగా ఊడిపోతుంది. పాతదానిలా కనపడాలని ఫ్యాక్టరీలోనే గీకి రంగు తీసేసినవి కూడా వస్తున్నాయి. నిజంగా వాడినదానికి మోచేతులు, అంచులు, జేబు మూతలు అరుగుతాయి. అంతటా ఒకేలా తెల్లబారితే అది యంత్రం పని. మంచి తోలు కొంటే ఆ అరుగుదల మీరే తెచ్చుకోవచ్చు.

మీలో ఎవరికీ తెలియదనుకుంటా, బతుకమ్మలో పేర్చే తంగేడు ఉంది కదా, ఆ చెట్టు బెరడుతోనే మన దక్షిణాదిలో పచ్చి తోళ్ళు కుళ్ళకుండా పదును చేసేవారు. కరక్కాయ కూడా వాడేవారు. అలా పదును పెట్టిన తోళ్ళు మద్రాసు రేవు నుంచి లండన్‌కు వెళ్ళేవి. ఇప్పుడు జాకెట్ల తోలు ఎక్కువగా క్రోమ్ ఉప్పులతో పదును చేస్తున్నారు. అయినా తంగేడు పువ్వు కనిపిస్తే నాకు తోలు వాసనే గుర్తొస్తుంది.

పెద్దోడా, నువ్వు ఎమ్మెస్‌కు వెళ్ళే ఊళ్ళో మంచు కురుస్తుందన్నావు. ఈ జాకెట్టు అక్కడ శరత్కాలానికి సరిపోతుంది, నడిచలికి చాలదు. తోలు గాలిని ఆపుతుంది కానీ వెచ్చదనం ఇచ్చేది లోపలి పొర. దానికి వేరే కోటు కొనుక్కో, ఇదే అన్నిటికీ సరిపోవాలని సైజు పెంచకు. ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను. ఫ్యాషన్ కోసం కుట్టిన పలచటి గొర్రె తోలు రోడ్డు మీద పడితే క్షణంలో చిరుగుతుంది. బండి నడిపేటప్పుడు భుజాలకూ మోచేతులకూ గట్టి ప్యాడ్లున్న రైడింగ్ జాకెట్టే వేసుకోవాలి. ఈ మాట మీ నాన్నకు కూడా చెప్పు.

వానాకాలంలో జాకెట్టును ప్లాస్టిక్ కవర్లో పెట్టకండి, బూజు పడుతుంది. వెడల్పాటి చెక్క హ్యాంగరుకు వేసి, పలచటి నూలు గుడ్డ కప్పండి. తడిస్తే నీడలోనే ఆరాలి.

చిట్టితల్లీ, టేపు మీ అమ్మ కుట్టుమిషను సొరుగులో ఉంటుంది. ఛాతీ, ఈ భుజం నుంచి ఆ భుజానికి వెడల్పు, చెయ్యి పొడవు, మెడ ఎముక నుంచి నడుం దాకా వీపు, ఈ నాలుగూ రాసి పంపు. సొంతంగా కొలుచుకోకు, చేతులు ఎత్తాల్సి వచ్చి లెక్క తప్పుతుంది, అమ్మతో కొలిపించుకో. పెద్దోడా, నీ జాకెట్టు భుజాల జోలికి ఎవరినీ వెళ్ళనివ్వకు. ఉగాదికి వచ్చేటప్పుడు పట్టుకురా. మణికట్టు పట్టీలు విప్పి, చేతులు కావలసినంత తగ్గించి, మళ్ళీ అవే పట్టీలు వేస్తాను. నా పాత మిషను ఇంకా బాగానే ఆడుతోంది.

మీ
తాతయ్య