ఫ్రిజ్ చల్లబడకపోతే ప్రతిసారీ గ్యాసేనా? అపోహలు - వాస్తవాలు

ఫ్రిజ్ బాగుచేయడానికి ఏ ఇంటికి వెళ్లినా గుమ్మంలోనే వినపడే మాట ఒకటే: "గ్యాస్ అయిపోయినట్టుంది, కాస్త నింపేసి వెళ్లండి." జబ్బు పేరూ, మందూ రెండూ వాళ్లే చెప్పేస్తారు. వాళ్లని అనడానికీ లేదు, మా మెకానిక్‌లలోనే కొందరు ఫ్రిజ్‌ని ముందుకి జరిపి చూడకుండానే ఆ మాట అనేస్తుంటారు. గ్యాస్ బిల్లు పెద్దది, మోటారుని స్టార్ట్ చేసే చిన్న భాగం, అదే రిలే, దాని బిల్లు చిన్నది, అంతకంటే కారణం వెతకక్కర్లేదు. కాబట్టి ముందు దాని సంగతి తేల్చి, తర్వాత మిగతావి చూద్దాం.

అపోహ: గ్యాస్ రెండు మూడేళ్లకోసారి అయిపోతుంది, నింపిస్తూ ఉండాలి.

బండిలో పెట్రోల్‌లాగా ఖర్చయిపోయేది కాదండీ అది. గ్యాస్‌ని తోసే మోటారు అంటే కంప్రెసర్, వెనకాలో పక్క గోడల లోపలో ఉండి వేడిని బయటికి వదిలే కండెన్సర్, తేమనూ మురికినీ పట్టే ఫిల్టర్, మిల్లీమీటరు కూడా లేని రంధ్రంతో ఉండే క్యాపిలరీ గొట్టం, ఫ్రీజర్ దగ్గర కాయిల్, ఈ దారి మొత్తం అతుకులు వేసి మూసేసి ఉంటుంది. లోపలున్న గ్యాస్ ద్రవమవుతూ, మళ్లీ ఆవిరవుతూ అదే దారిలో తిరుగుతుంది. ఫ్యాక్టరీలో పోసిన గ్యాస్‌తోనే పదిహేను ఇరవై ఏళ్లు నడిచే ఫ్రిజ్‌లు ఇప్పటికీ ఇళ్లల్లో ఉన్నాయి. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడినట్టే. ఆ చిల్లు వెతక్కుండా పైనుంచి గ్యాస్ కొడితే, వారానికో నెలకో మీ డబ్బులు కూడా అదే చిల్లులోంచి పోతాయి.

అందుకే ఎవరైనా "గ్యాస్ కొట్టాలి" అంటే లీక్ ఎక్కడుందో చూపించమని అడగండి. నైట్రోజన్ ప్రెషర్ పెట్టి, అతుకుల మీద సబ్బు నురగ రాస్తే బుడగలు వచ్చేది మీ కళ్లకే కనిపిస్తుంది. లీక్ మూశాక ఫిల్టర్ కొత్తది వేయాలి, వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలినీ తేమనూ లాగేయాలి, ఆ తర్వాతే గ్యాస్. అదీ తూకం వేసి. ఫ్రిజ్ వెనకాలో, కంప్రెసర్ మీదో ఉన్న స్టిక్కర్ చదవండి, ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది అక్కడే ఉంటుంది. ఈ మధ్య ఇళ్లకు వచ్చే ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్. సింగిల్ డోర్‌లో అది యాభై గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ఇంత చిన్న లెక్కలో పది గ్రాములు ఎక్కువైనా తక్కువైనా కూలింగ్ మీద తేడా కొడుతుంది, కాబట్టి చేత్తో పైపు పట్టుకుని "చల్లబడింది, చాలు" అనే అంచనా పని ఇక్కడ పనికిరాదు. ఆర్134ఏ అనే ఇంకో రకం గ్యాస్ ఫ్రిజ్‌లో 600ఏ, లేదా 600ఏ ఫ్రిజ్‌లో 134ఏ కొట్టేవాళ్లు కూడా ఉన్నారు. రెండిటికీ కంప్రెసర్ వేరు, లోపల ఉండే ఆయిల్ వేరు. అలాంటి పని ఎంత చవగ్గా చేస్తానన్నా వద్దనండి.

అపోహ: 600ఏ మండే గ్యాస్ కదా, ఆ ఫ్రిజ్ ఇంట్లో ఉంటే ప్రమాదం.

మండుతుంది, నిజమే. కానీ అదే వంటింట్లో పొయ్యి కింద 14.2 కిలోల సిలిండర్ పెట్టుకుని నిద్రపోతున్నాం కదా! వాడుకలో ఉన్న ఫ్రిజ్‌తో భయపడాల్సింది లేదు. జాగ్రత్త పడాల్సింది రిపేరు రోజున. గ్యాస్ పూర్తిగా బయటికి వదలకుండా, కిటికీలు తెరవకుండా, పైపు మీద మంట పెట్టేవాడిని మాత్రం ఇంట్లోకి రానివ్వకండి. ఇంకోటి, ఈ గ్యాస్‌కి సిలిండర్ గ్యాస్‌కి కలిపినట్టు ఘాటు వాసన కలపరు. కాబట్టి ఫ్రిజ్ దగ్గర కాలిన వాసన వస్తే అది గ్యాస్ కాదు, రిలే దగ్గరో ప్లగ్గు దగ్గరో ఏదో మాడుతోంది. ముందు స్విచ్ కట్టేయండి.

అపోహ: పైన ఐస్ కడుతోంది, కింద చల్లదనం లేదు, అంటే గ్యాస్ సగం పోయింది.

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే, అందుకని దీని మీద కాస్త ఎక్కువే రాస్తున్నాను. డబుల్ డోర్ ఫ్రాస్ట్‌ఫ్రీ (మంచు తనంతట తనే కరిగించుకునే) ఫ్రిజ్‌లో చల్లదనం పుట్టేది ఒక్కచోటే, ఫ్రీజర్ వెనక ప్లాస్టిక్ ప్యానెల్ చాటున ఉండే కాయిల్ దగ్గర. అక్కడ చిన్న ఫ్యాన్ ఉంటుంది, అది ఆ చల్లగాలిని కింది అరల్లోకి తోస్తుంది. కాయిల్ మీద మంచు పేరుకుంటూ ఉంటుంది కాబట్టి కొన్ని గంటలకోసారి ఒక హీటర్ వెలిగి ఆ మంచుని కరిగిస్తుంది, ఆ నీళ్లు గొట్టంలోంచి వెనక ట్రేలోకి పోతాయి. హీటర్ పోయినా, దాన్ని వెలిగించే టైమరో సెన్సరో పోయినా మంచు కరగదు. పేరుకుని పేరుకుని కాయిల్ మొత్తం ఒక గడ్డ అయి కూర్చుంటుంది. ఇక గాలి వెళ్లే సందేదీ? పైన మాంసం గట్టిగానే ఉంటుంది, కింద పాలు విరుగుతాయి.

మీరే ఇంట్లో తేల్చుకోవచ్చు. సామాను తీసి పక్కింటి వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టి, ప్లగ్గు పీకేసి, రెండు తలుపులూ బార్లా తెరిచి ఒక పూర్తి రోజు వదిలేయండి. కింద పాత తువ్వాళ్లు పరవండి, నీళ్లు బాగానే కారతాయి. మళ్లీ వేశాక రెండు వైపులా చక్కగా చల్లబడి, వారమో పది రోజులో బాగుండి, మళ్లీ అదే కథ మొదలైతే గ్యాస్ ఏమీ పోలేదు, మంచు కరిగించే ఏర్పాటు పోయింది. హీటరో సెన్సరో మార్చే ఖర్చుకీ గ్యాస్ పనికీ పొంతనే ఉండదు. గ్యాస్ నిజంగానే తగ్గితే తీరు వేరుగా ఉంటుంది: పైన కూడా ఐస్ మెత్తగా అయిపోతుంది, ప్యానెల్ విప్పి చూస్తే కాయిల్ మొదట్లో కాస్త మాత్రమే మంచు ఉండి మిగతాది ఖాళీగా కనపడుతుంది, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది.

ఇవేవీ కాకుండా, ఫ్రీజర్‌లో వెనక గాలి వచ్చే రంధ్రాలకి అడ్డంగా బఠాణీ ప్యాకెట్లు, ఐస్‌క్రీమ్ డబ్బాలు కుక్కి "కింద చల్లగా లేదు" అనే ఇళ్లూ ఉన్నాయి. అక్కడ మా పని రెండు ప్యాకెట్లు జరపడమే.

అపోహ: లోపల లైటు వెలుగుతోంది కాబట్టి కరెంటు వైపు అంతా బాగానే ఉంది.

లైటు వెలిగితే ప్లగ్గు దాకా కరెంటు వస్తోందని మాత్రమే అర్థం. వెనక నుంచి కొన్ని క్షణాలు "మ్‌మ్‌మ్" అని మూలిగి "టక్" అని ఆగి, కొన్ని నిమిషాలకి మళ్లీ అదే వినపడుతుంటే కంప్రెసర్ లేవలేకపోతోంది. వోల్టేజ్ తక్కువగా ఉందా, రిలే, కంప్రెసర్ మరీ వేడెక్కితే కరెంటు ఆపేసే ఓవర్‌లోడ్ బాగున్నాయా అన్నవి ముందు చూడాలి. కంప్రెసర్ పోయిందనే మాట చివర్లో రావాలి, మొదట్లో కాదు. కరెంటు పోయి వచ్చిన వెంటనే స్విచ్ టపటపా వేసి తీసి చేస్తే కూడా ఇలాగే మూలుగుతుంది. అయిదు నిమిషాలు ఆగి వేయండి, లోపల ప్రెషర్ సర్దుకుంటుంది.

దీనికి తమ్ముడిలాంటి ఫోన్ ఇంకోటి ఉంది: "ఫ్రిజ్ ఉన్నట్టుండి ఆగిపోయింది, లైటు మాత్రం వస్తోంది." సింగిల్ డోర్ అయితే నేను అడిగే మొదటి ప్రశ్న, చల్లదనం పెంచి తగ్గించే నాబ్ మధ్యలో ఉన్న బుడిపె ఎవరైనా నొక్కారా అని. అది డీఫ్రాస్ట్ బటన్. నొక్కితే కంప్రెసర్ ఆగి, డీప్‌లో, అంటే ఫ్రీజర్‌లో, ఐస్ కరిగాక తనంతట తనే మళ్లీ మొదలవుతుంది. పిల్లలకి ఆ బటన్ అంటే మహా ఇష్టం.

అపోహ: ఐస్ గడ్డకట్టింది, చాకుతో పొడిస్తే తొందరగా వస్తుంది.

వస్తుంది, దాంతో పాటే గ్యాస్ కూడా వస్తుంది. సింగిల్ డోర్‌లో ఆ డీప్ పెట్టె గోడే అల్యూమినియం కాయిల్, గ్యాస్ దారులు ఆ పలుచటి రేకులోనే ఉంటాయి. చాకు మొన దిగిందా, "స్‌స్‌స్" అని ఒక్క చప్పుడు, అంతే. నేను చూసిన నిజమైన గ్యాస్ లీకుల్లో ఈ చాకు బాపతువి తక్కువేం కాదు. మాంసం ప్యాకెట్ అతుక్కుపోతే గిన్నెడు వేణ్ణీళ్లు లోపల పెట్టి తలుపు వేయండి, కాసేపటికి వదిలేస్తుంది. ఐస్ వేలి మందం కాకముందే డీఫ్రాస్ట్ చేసుకుంటే ఈ గొడవే ఉండదు. పైగా మందంగా పేరుకున్న ఐస్ చల్లదనాన్ని బయటికి రానివ్వదు, కరెంటు దండగ.

ఇక గబగబా కొన్ని.

రాత్రి ఫ్రిజ్ ఆపేస్తే కరెంటు మిగులుతుందా? చల్లదనం సరిపోగానే కంప్రెసర్ తనే ఆగుతుంది, మీరు ఆపక్కర్లేదు. పొద్దున్నే మళ్లీ మొదటినుంచి చల్లబరచాలి, ఈలోగా పాలు, పిండి పులుస్తాయి. ఇన్వర్టర్ ఫ్రిజ్ అయితే ఎప్పుడూ మెల్లగా తిరుగుతూనే ఉంటుంది, అది లోపం కాదు. అన్నట్టు, దాన్ని కొంటే కరెంటు పోయినా నడుస్తుందనుకోకండి. అది కంప్రెసర్ వేగం మార్చుకునే పద్ధతి మాత్రమే, లోపల బ్యాటరీ ఏమీ ఉండదు.

నాబ్ మీద 7 అంటే ఏడు డిగ్రీలు కాదు. అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది, అంతే. ఏడాది పొడవునా చివర్లో పెట్టి ఉంచితే కంప్రెసర్‌కి విశ్రాంతి ఉండదు, కింద కొత్తిమీర గడ్డకట్టి నల్లబడుతుంది. కింది అర 4 డిగ్రీల దగ్గర, ఫ్రీజర్ మైనస్ 18 దగ్గర ఉంటే చాలు. నాబ్ మధ్యలో పెట్టి చూసి సరిపోకపోతే ఒక అంకె పెంచండి.

పక్కలు వేడెక్కుతున్నాయని భయపడుతుంటారు. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటికి కండెన్సర్ పక్క గోడల్లోనే ఉంటుంది, లోపలి వేడి బయటికి పోయేది అటువైపే. ఆ వేడికి దారి లేకుండా ఒక పక్క గోడకి ఆనించి, ఇంకో పక్క బియ్యం డబ్బా నెట్టి, పైన జేబుల కవర్ వేసి రెండు వైపులా వేలాడదీస్తే, రామగుండం ఎండల్లో ఏ కంపెనీ ఫ్రిజ్ అయినా చేతులెత్తేస్తుంది. నాలుగు వేళ్ల సందు వదలండి, కవర్ పైవరకే ఉంచండి.

ముట్టుకుంటే కాస్త జిల్లుమంటోంది, మామూలే అంటారు. ఇది మాత్రం మామూలు కాదు. ఎర్తింగ్ లేదు, లేదా లోపల వైరు బాడీకి తగులుతోంది. వంటింట్లో తడి చేతులతో, వట్టి కాళ్లతో ముట్టుకునే వస్తువది. రెండు పిన్నుల మల్టీ ప్లగ్గు తీసేసి, ఎలక్ట్రీషియన్ చూసేదాకా ఫ్రిజ్ ఆపేయండి, కూరలు పోతే పోయాయి.

వెనక నీళ్ల ట్రే అని ఒకటుందని తెలియని ఇళ్లు చాలా. కంప్రెసర్ వేడికి అందులో నీళ్లు ఆవిరవుతాయి కానీ వానాకాలంలో అన్నీ ఆరవు, డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి అలాంటి నిల్వ నీరే చాలు. వారానికోసారి తుడవండి.

అపోహ: డీప్‌లో పెడితే క్రిములు చచ్చిపోతాయి, కరెంటు పోయి వచ్చినా మళ్లీ గడ్డకడితే సరిపోతుంది.

చావవు, నిద్రపోతాయంతే. మాంసం కరగ్గానే మళ్లీ లేస్తాయి. తలుపు తీయకుండా ఉంచితే కింది అర 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు ఆగుతుందని అమెరికా ప్రభుత్వ సంస్థలు చెప్పే లెక్క. అది పెద్ద ఫ్రీజర్‌ల మాట, మన సింగిల్ డోర్ చిన్న డీప్‌కి మే నెలలో అంత నమ్మకం పెట్టుకోకండి. ప్యాకెట్‌లో ఇంకా ఐస్ పలుకులు తగులుతుంటే మళ్లీ గడ్డకట్టించినా ఫర్వాలేదు. పూర్తిగా కరిగి మెత్తబడి చాలా సేపు అలాగే ఉంటే వద్దు.

సంక్రాంతికి తాళం వేసి ఊరెళ్లేవాళ్లకి ఒక కిటుకు. గ్లాసులో నీళ్లు పోసి గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ల పెట్టి డీప్‌లో వదిలి వెళ్లండి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే కరెంటు పెద్దగా పోలేదు. మధ్యలో ఇరుక్కుంటే కొంత కరిగి మళ్లీ కట్టింది, ఒక్కొక్కటీ చూసుకోండి. అడుగున ఉంటే మాత్రం లోపలున్న మటన్ ఎంత గట్టిగా కనపడినా, కిలో ఎంతకు కొన్నారో గుర్తుచేసుకోకుండా పారేయండి.