దస్తావేజు టైపింగు: వర్డ్‌ మీద అపోహలు - వాస్తవాలు

కర్నూలులోనైనా, కడపలోనైనా, అనంతపురంలోనైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టుపక్కల టైపింగు సెంటర్లలో పని ఎక్కువగా పాత ఫైలుతోనే మొదలవుతుంది. క్రయపత్రమో బాడుగ అగ్రిమెంటో తెరుస్తారు, పేర్లూ సర్వే నంబర్లూ మారుస్తారు, ప్రింటు తీస్తారు. కొనేవారి చిరునామా ఒక వరుస పెరిగిందంటే సాక్షుల సంతకాల చోటు కాస్తా తర్వాతి పేజీకి దూకుతుంది. తప్పు వర్డ్‌ది అనుకుంటాం. నిజానికి అది ఆ పాత ఫైలును టైపు చేసిన తీరులో ఉంటుంది.

అపోహ: స్పేస్‌బార్‌తో జరిపితే వరుసలు సమంగా నిలుస్తాయి.

చెక్కుబందినే, అంటే ఆస్తికి నాలుగు దిక్కుల హద్దుల వివరాన్నే చూడండి. తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం: నాలుగు మాటలవీ నాలుగు వెడల్పులు. స్పేస్ వెడల్పేమో ఒక్కటే. అందుకే ఎన్ని స్పేసులు కొట్టినా కోలన్లు ఒకదాని కింద ఒకటి కచ్చితంగా పడవు. ఒకవేళ పడినట్టు కనిపించినా, ఫాంటు మారిస్తే మళ్లీ చెదిరిపోతాయి.

దీనికి ట్యాబ్ ఉంది. వ్యూ మెనూలో రూలర్‌కు టిక్ పెట్టి, నాలుగు వరుసలూ సెలెక్ట్ చేయండి. రూలర్ మీద 3 సెంటీమీటర్ల దగ్గర ఒకసారి, 3.5 దగ్గర ఒకసారి క్లిక్ చేస్తే చిన్న ఎల్ ఆకారంలో రెండు గుర్తులు పడతాయి. ఇక ప్రతి వరుసలో దిక్కు పేరు, ట్యాబ్, కోలన్, ట్యాబ్, ఆ తర్వాత హద్దు వివరం. వివరం పొడవై రెండో వరుసకు దిగితే మొదటి మాట కిందికి వచ్చేస్తుంది కదా, రూలర్ ఎడమ చివరన ఉన్న కింది త్రికోణాన్ని పట్టుకొని 3.5 దాకా లాగండి. దాని అడుగున ఉన్న చిన్న చతురస్రాన్ని మాత్రం పట్టుకోకండి, మొదటి వరుస కూడా దానితో పాటే కదిలిపోతుంది.

అపోహ: స్టాంపు కాగితం పైభాగం వదలాలంటే ఎంటర్లు కొట్టాల్సిందే.

ఎంటర్లు కొట్టి వదిలిన చోటు అక్షరం సైజు మారితే పెరుగుతుంది, తగ్గుతుంది. ముందు లేఅవుట్‌లో కాగితం సైజు ఎంచుకోండి. లీగల్ 8.5 × 14 అంగుళాలు, ఏ4 పొడవు 11.69 అంగుళాలే. అంటే రెంటికీ రెండంగుళాలకు పైగా తేడా. తర్వాత స్కేలుతో స్టాంపు ముద్ర కింది దాకా కొలవండి. అందులోంచి పై మార్జిన్ తీసేసి, మిగిలినదాన్ని మొదటి పేరా పేరాగ్రాఫ్ బాక్సులో బిఫోర్ దగ్గర వేయండి. అక్కడ పాయింట్లే వేయాలని లేదు, అంకె పక్కన ఇంగ్లీషులో సీఎం అని కొడితే సెంటీమీటర్లుగా తీసుకుంటుంది. కొత్త పేజీ కావాలంటే కంట్రోల్ ఎంటర్.

పాత ఫైలులో ఏముందో చూడాలంటే కంట్రోల్ షిఫ్ట్ 8 నొక్కండి. స్పేసులు చుక్కలుగా, ట్యాబ్‌లు బాణాలుగా కనిపిస్తాయి. ఫైలుకు కాపీ తీసి పెట్టుకున్నాకే శుభ్రం చేయడం మొదలుపెట్టండి. కంట్రోల్ హెచ్‌లో రెండు స్పేసులు వెతికి ఒకటి పెట్టమని, మార్పులు సున్నా అని చెప్పేదాకా రిప్లేస్ ఆల్ నొక్కండి.

అపోహ: అను ఫైలుకు ఫాంటు మారిస్తే యూనికోడ్ అయిపోతుంది.

కాదు. అను అనేది డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంట్ల పేరు. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి. అను ఫాంట్లలో తెలుగు ఆకారాలు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు తీసేస్తే ఆ పిచ్చి గుర్తులే బయటపడతాయి. వాట్సాప్‌లో అతికించినప్పుడు కనిపించేవీ అవే. కన్వర్టర్‌లో వేసి మార్చాలి, మార్చాక మాట మాటా చదవాలి. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటలు అర్థంలేని తెలుగుగా మారిపోవచ్చు, వత్తులు తారుమారు కావచ్చు. దస్తావేజులో పేరు తప్పు పోతే సవరణ పత్రం రాయించుకునే భారం పార్టీ మీద పడుతుంది కాబట్టి ఈ చదవడం ఎంత తొందరలోనూ మానకూడదు.

అపోహ: యూనికోడ్‌లో వత్తులు సరిగా రావు.

వత్తుకు విడిగా కీ లేదు, అంతే తేడా. అక్షరం, పొల్లు, అక్షరం. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డులో ‘దక్షిణం’ కొట్టాలంటే ఓ, కె, డి, షిఫ్ట్ కామా, ఎఫ్, షిఫ్ట్ సి, ఎక్స్. ఇందులో డి పొల్లు. ఇన్‌స్క్రిప్ట్ రానివాళ్లకు విండోస్‌లోనే, ఇంగ్లీషు అక్షరాలతో పలికినట్టు కొట్టే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. సెట్టింగ్స్‌లో తెలుగు భాష చేర్చుకుంటే విండోస్ కీ, స్పేస్‌తో ఇంగ్లీషుకూ తెలుగుకూ మారవచ్చు.

‘రాజ్‌కుమార్’ అని కొడితే ‘రాజ్కుమార్’ అని కలిసిపోతుందని చాలామంది మధ్యలో స్పేస్ కొడతారు. అప్పుడు ఒక పేరు రెండు ముక్కలవుతుంది. ‘రాజ్’ తర్వాత ఇంగ్లీషు కీబోర్డుకు మారి 200, దాని పక్కనే సి కొట్టి, ఆల్ట్ ఎక్స్ నొక్కండి. ఆ అంకెలు మాయమై కంటికి కనపడని గుర్తు పడుతుంది. తర్వాత ‘కుమార్’ కొడితే కింద వత్తు పడదు.

అపోహ: కరెంటు పోయినా వర్డ్ అంతా దాచిపెడుతుంది.

వన్‌డ్రైవ్ లాంటి మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వలో ఉన్న ఫైళ్లకే ఆటోసేవ్. కంప్యూటర్‌లో ఉన్నవాటికి మామూలుగా పది నిమిషాలకోసారి రికవరీ కాపీ తీస్తుంది. యూపీఎస్ లేనిచోట ఆ పది నిమిషాల పనీ పోయినట్టే. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి 10ని 2 చేయండి. అసలు సేవ్ చేయకుండానే మూసేసిన ఫైలైతే ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్‌లో రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్ దగ్గర వెతకండి. దొరికిన వెంటనే ఎఫ్12 నొక్కి వేరే పేరుతో దాచుకోండి.