ఎడిసన్: బల్బు వెనక దాక్కున్న అసలు పని (అపోహలు - వాస్తవాలు)

కరెంటు పంపిణీ పనిలో ఉన్నాను కాబట్టి ఎడిసన్ పేరెత్తగానే అందరూ నన్ను అడిగేది బల్బు గురించే. నాకు మాత్రం ఆయన వేసిన తీగలు, పెట్టిన మీటరు అంటేనే ఎక్కువ ఇష్టం.

అపోహ: బల్బును మొట్టమొదట కనిపెట్టింది ఎడిసనే.

కాదు. కరెంటుతో తీగను వెలిగించడం 19వ శతాబ్దం మొదట్లోనే హంఫ్రీ డేవీ చేసి చూపించాడు. ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ కూడా ఇంచుమించు ఎడిసన్ కాలంలోనే కార్బన్ బల్బు చేశాడు. 1883లో అక్కడ ఇద్దరి వ్యాపారాలూ ఒక్కటయ్యాయి కూడా.

మరి ఎడిసన్ గొప్పేంటి? స్వాన్ తొలి బల్బుల్లో కార్బన్ కడ్డీ లావుగా ఉండేది. నిరోధం (కరెంటును అడ్డుకునే గుణం) తక్కువ కాబట్టి కరెంటు బాగా లాగేది. అలాంటివి వందలకొద్దీ వెలిగించాలంటే వీధి పొడవునా లావుపాటి రాగి వేయాలి, ఆ రాగి ఖర్చుకే కంపెనీ మునిగిపోతుంది. ఎడిసన్ బల్బుతో కాదు, రాగి ఖర్చుతో లెక్క మొదలుపెట్టాడు. ఫిలమెంటు (బల్బులో వెలిగే తీగ) సన్నగా, ఎక్కువ నిరోధంతో ఉంటే వోల్టేజీ పెంచి, అదే వెలుగును తక్కువ కరెంటుతో తేవచ్చు. కరెంటు పదో వంతుకు తగ్గితే అదే తీగలో వృథా వందో వంతుకు పడిపోతుంది. 1880 జనవరిలో వచ్చిన ఆయన పేటెంటులో కీలకం ఈ ఎక్కువ నిరోధమే.

మీటరు ఇంకా తమాషా. జింకు సల్ఫేటు ద్రావణంలో రెండు జింకు పలకలు. ఇంట్లో వాడే కరెంటులో చిన్న వాటా వాటి గుండా పోయేది. ఒక పలక అరిగి, రెండోదాని మీద జింకు పేరుకునేది. కొన్నాళ్లకోసారి వాటిని తీసి తూకం వేసి బిల్లు రాసేవారు. రీడింగు చూసుకోలేని కస్టమర్ ఆ బిల్లును ఎలా నమ్మేవాడో మరి!

అపోహ: 1,093 అమెరికా పేటెంట్లూ ఒంటరి మేధావి కృషే.

పేటెంట్లు ఆయన పేరు మీద ఉన్న మాట నిజం. కానీ మెన్లో పార్కులోని ఆయన ల్యాబ్‌లో సహాయకులు చార్లెస్ బ్యాచిలర్ చేతిపనీ, ఫ్రాన్సిస్ అప్టన్ గణితమూ లేకపోతే పైన చెప్పిన కథ నడిచేదే కాదు.

అపోహ: తన డీసీకి (ఒకే దిశలో పారే కరెంటుకు) పోటీగా వచ్చిన ఏసీని (దిశ మార్చుకుంటూ పారే కరెంటును) బద్నాం చేయడానికి ఎడిసన్ ఏనుగును కరెంటుతో చంపించాడు.

టాప్సీ అనే ఏనుగును చంపింది 1903లో. ఎడిసన్ కరెంటు కంపెనీ 1892లోనే జనరల్ ఎలక్ట్రిక్‌లో కలిసిపోయింది, ఏసీ గొడవా అప్పటికే సద్దుమణిగింది. ఆ దృశ్యాన్ని తీసింది ఆయన పేరున్న సినిమా కంపెనీ కావడంతో ఈ కథ పుట్టింది. అలాగని ఆయన్ను వెనకేసుకురాలేను: 1888లో ఆయన ల్యాబ్‌లోనే కుక్కల మీద ఏసీ ప్రయోగాలు జరిగాయి.

అపోహ: డీసీ పనికిరాదు కాబట్టే ఓడిపోయింది.

1882లో న్యూయార్కు పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ 110 వోల్టుల డీసీని సరఫరా చేసింది. మైలు దాటితే కష్టం, ఎందుకంటే అప్పట్లో డీసీ వోల్టేజీని పెంచి తగ్గించే తేలికైన సాధనం లేదు. ఏసీకి ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. అంతే తేడా. ఇప్పుడు ఆ పని పవర్ ఎలక్ట్రానిక్స్ చేస్తోంది కాబట్టి, వందల కిలోమీటర్ల లైన్లకు మేమే హైవోల్టేజీ డీసీ ఎంచుకుంటున్నాం. మాన్‌హటన్‌లో పాత డీసీ సరఫరా పూర్తిగా ఆగింది 2007లో.