రోడ్డు కింద డొల్ల

కొత్తగా పరిచిన టైల్స్‌ని మేస్త్రీ రూపాయి బిళ్లతో తట్టి చూస్తాడు. చప్పుడు మారిన చోట కింద సిమెంటు నిండలేదని, డొల్ల ఉందని అర్థం. ఊళ్లో రోడ్లనూ అలా తట్టి చూడొచ్చా?

2024 ఆగస్టు 23న కౌలాలంపూర్‌లోని మసీద్ ఇండియా వీధిలో ఫుట్‌పాత్ ఉన్నట్టుండి కుంగింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక మహిళ 8 మీటర్ల లోతు గోతిలో పడిపోయారు. 9 రోజులు వెతికినా దొరకలేదు. ఈలోగా సుమారు 50 మీటర్ల అవతల ఇంకో గొయ్యి పడింది.

ఆ నగరంలో చాలా భాగం సున్నపురాయి మీద ఉంది. నగరం పక్కనే ఉన్న బటు గుహలు ఆ రాయిలో ఏర్పడినవే, మన బెలూం గుహల్లాగే. రాయి కరిగి గుహ కావడానికి వేల ఏళ్లు పడుతుంది. రోడ్డు మాత్రం క్షణంలో కుంగుతుంది. ఎందుకంటే అప్పుడు కదిలేది రాయి కాదు, దాని మీదున్న మన్ను. చిల్లు పడ్డ బస్తాలోంచి బియ్యం జారినట్టు మట్టి పాత బొరియల్లోకి కొద్దికొద్దిగా జారుతుంది. పైన తారు రోడ్డు మాత్రం బిగుసుకుని నిలబడి ఉంటుంది. పైపు లీకైనా, భూగర్భ జలం పడిపోయినా ఈ జారుడు పెరుగుతుంది. హైదరాబాద్ కింద గ్రానైటే కదా అని నిశ్చింతగా ఉండడానికీ లేదు. పగిలిన డ్రైనేజీ పైపు ఒక్కటి చాలు, మట్టిని మోసుకుపోవడానికి.

డొల్లను వెతకడానికి ముందుగా వాడేది జీపీఆర్, అంటే నేల లోపలికి చూసే రాడార్. తోపుడు బండిలాంటి దాన్ని రోడ్డు మీద నడిపిస్తే రేడియో తరంగాలు లోపలికి వెళ్లి, తేడా ఉన్న చోట తగిలి వెనక్కి వస్తాయి. పని త్వరగా అయిపోతుంది. కానీ తడి బంకమట్టిలో ఆ తరంగాలు ఒకటి రెండు మీటర్లు కూడా దిగవు. నల్లరేగడి నేలలో దీన్ని నమ్ముకుంటే అంతే సంగతులు.

ఇనుప కడ్డీలు దిగ్గొట్టి కరెంటు పంపే రెసిస్టివిటీ సర్వే ఇంకా లోతుకు చూస్తుంది. అయితే అదే డొల్ల ఎండాకాలం గాలితో నిండి కరెంటును అడ్డుకుంటుంది, వానాకాలం నీటితో నిండి దారి ఇస్తుంది. మ్యాపు చదివేవాడికి అసలు టెన్షన్ ఇక్కడే.

నాకు ముచ్చటేసేది గ్రావిటీ సర్వే. కింద ఖాళీ ఉంటే భూమి లాగే బలం పిసరంత తగ్గుతుంది. 4 మీటర్ల వెడల్పున్న గుండ్రటి ఖాళీ, దాని మధ్యభాగం 5 మీటర్ల లోతులో ఉందనుకుందాం. సరిగ్గా దాని మీద నిలబడితే 60 కిలోల మనిషి బరువు తగ్గేది సుమారు ఒక మిల్లీగ్రాము! గ్రావిమీటర్ ఆ తేడాను పట్టేస్తుంది. కాకపోతే పరికరం ఎత్తును ఒక్క సెంటీమీటరు తప్పుగా రాసుకున్నా ఆ లెక్కలో ఆరో వంతు పోతుంది. పక్క బిల్డింగు సెల్లారు కూడా ఖాళీయే, దాన్నీ లెక్కలోంచి తీసేయాలి. బస్సుల అదురు ఉండకూడదని నగరాల్లో ఈ పనికి రాత్రిళ్లే మేలు.

ఏ పరికరమూ గొయ్యిని నేరుగా చూడదు, తేడాను మాత్రమే చెబుతుంది. అందుకే రెండు మూడు పద్ధతులు ఒకే చోటును చూపిస్తే అక్కడ బోరు వేస్తారు. గట్టిగా దిగుతున్న డ్రిల్లింగ్ రాడ్ చటుక్కున అర మీటరు జారిందంటే డొల్ల దొరికినట్టే. సర్వే లేకుండా రెండు మీటర్లు పక్కన వేసి ఉంటే, ఆ బోరు గట్టి నేలనే చూపించి ఉండేది.